తలుపుల్లేని పై వీధి

నీళ్ళు దిగుతూనే ఉన్నాయి. అడుగు తూము మరమ్మతు కోసం జలాశయాన్ని ఖాళీ చేస్తున్నారని, కట్టిన నాటినుంచి ఇంత లోతు దిగడం ఇదే మొదలని ఇదివరకే చెప్పుకున్నాం. గేట్ల మేస్త్రి భార్య ఈ చలికాలంలో కన్నుమూసింది. ఆవిడ పుట్టిన ఊరు ఆ నీళ్ళ కిందే ఉంది. అంత కాపురంలోనూ ఆవిడ ఒక్కనాడైనా ఆనకట్ట మీద కాలు పెట్టలేదు. ఎందుకని మేస్త్రి ఎప్పుడూ అడగలేదు. ఊరు పోగొట్టుకున్న మనిషి ఊరిని ముంచిన గోడ ఎక్కి షికారు చేస్తుందా అని తనకు తనే జవాబు చెప్పుకుని ఊరుకున్నాడు. కిందటి వారం మనం విడిపోయే వేళకి నీళ్ళలోంచి ఒక మొండిగోడ తల ఎత్తింది.

ఇప్పుడు ఆ ఊరి పై వీధి మొత్తం బయటపడింది.

ఆ పొద్దున డ్యూటీకి వచ్చిన ఇంజనీరమ్మ గేట్ల గదిలోకి కూడా వెళ్ళకుండా పిట్టగోడ దగ్గరే ఆగిపోయింది. ఉద్యోగానికి కొత్త మనిషి. జలాశయమంటే ఆమెకి అంతవరకూ మ్యాపు మీద ఒక నీలిరంగు మరక. ఆ మరక ఎత్తేస్తే కింద ఒక వీధి, వీధికి రెండు వైపులా ఇళ్ళు, మధ్యలో మురుగుకాలువ, ఎవరో పెరట్లో వదిలేసిన తిరగలి. కప్పులు లేవు. గోడలన్నీ ఒకే బురదరంగు. గుమ్మాలు మాత్రం ఆవలించినట్టు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"ఒక్క ఇంటికీ తలుపు లేదేం మేస్త్రి గారూ? నీళ్ళలో నాని కుళ్ళిపోయాయా?"

"కుళ్ళడానికి ఉంటే కదమ్మా! గోడలు మోసుకుపోలేరు, తలుపులు మోసుకుపోగలరు. ఊరు ఊరంతా తలుపులూ ద్వారబంధాలూ ఊడదీసి బళ్ళకెత్తుకుని కొత్త కాలనీకి నడిచింది. కాలనీలోకి వెళ్ళి చూడండి, గోడలేమో నిన్నా మొన్నటివి, తలుపులేమో తాతలనాటివి. కోటు పాతదీ చొక్కా కొత్తదీ వేసుకున్నట్టుంటాయి ఇళ్ళు."

ఇంజనీరమ్మ నవ్వింది. మేస్త్రికి ఉత్సాహం వచ్చింది. భార్య పోయాక అతన్ని మాటల్లోకి దింపేది ఇదొక్కటే, డ్యామ్ కథ.

"మాకదే గుర్తు. తలుపు లేని ఇల్లు ఖాళీ ఇల్లు. ఇల్లిల్లూ తిరిగి చూడక్కర్లేదు, కట్టమీంచి దుర్భిణిలో చూస్తే చాలు. మా పెద్దమేస్త్రి కనిపెట్టిన ఉపాయం అది. తలుపు లేని ఇంట్లో ఎవడు పడుకుంటాడ్రా, దొంగలు పడరూ, అనేవాడు."

"మునిగిపోయే ఇంట్లో దొంగలేం ఎత్తుకెళ్తారండీ?"

"ఆ మాట అప్పుడు ఎవరికీ తట్టలేదమ్మా."

కథ అక్కణ్ణించి ఏటి దగ్గరికి వెళ్ళింది. ఈ ఏరు ఒక ఏడాది దిగువ పట్నంలో మంచాలు తేల్చేది, మరుసటి ఏడాది పిల్లలు తన ఇసకలో బంతాట ఆడుకునేంతగా ఎండిపోయేది. ఆనకట్ట కట్టండి మహాప్రభో అని అడిగినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, వాళ్ళ పిల్లలు అడగడం మొదలుపెట్టారు. చివరికి కట్టారు. రాయి కొండది. సున్నం పై వీధిది. పై వీధి చివర ఇల్లు సున్నపాయనది, ఇంటి వెనక పల్లంలో బట్టీ. అతని సున్నం గానుగలో పడి నలిగి ఈ గోడ సందుసందులోనూ ఉంది. మొదటి మ్యాపు ప్రకారం నీళ్ళు కింద వీధి దగ్గర ఆగాలి. పై వీధికి ఏమీ కాదు. పైగా గుమ్మం ముందే చెరువు, చేపలు వాకిట్లోకే వస్తాయి, అని సర్వేవాళ్ళు హాస్యాలాడారు కూడా. ఈలోగా దిగువ పట్నం పెరిగింది, దాహం పెరిగింది. గోడ మీద మరో రెండు వరసల రాయి పెట్టమన్నారు. పెట్టారు. ఆ రెండు వరసలతో పై వీధి కూడా మునకలోకి వెళ్ళిపోయింది. ఆ వరసలకీ సున్నం పంపింది సున్నపాయనే. తన సున్నంతో తన ఇంటికే గోరీ కట్టుకున్నాడని జనం అనుకున్నారు.

"ఆయన మా మామగారే. నాకు పిల్లనివ్వడానికి లేరనుకోండి. గేట్లు దించే ముందురోజే కోపం వచ్చి కొండ దాటి వెళ్ళిపోయారట. మళ్ళీ రాలేదు."

"గేట్లు దించిన రోజు మీరున్నారా?"

ఆ ప్రశ్న కోసమే మేస్త్రి ఎదురుచూస్తున్నాడు. ఆ తరువాతి కథ అతను ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పి చెప్పి మాటలన్నీ నున్నగా గులకరాళ్ళలా తయారయ్యాయి.

"లేకపోవడమేం! అప్పటికి నాకు మీసాలు సరిగ్గా రాలేదు. మర్నాడు సాయంత్రం దించుదామనుకున్న గేట్లు, పైన వానలని కబురొచ్చి, ఒక రోజు ముందే దించాల్సి వచ్చింది. పెద్దమేస్త్రి దుర్భిణి నా చేతిలో పెట్టి, 'కుర్రకళ్ళు నీవి, చూసి చెప్పరా' అన్నాడు. వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాను. ఒక్క తలుపు లేదు. 'ఊరు ఖాళీ' అన్నాను. నా మాట మీదే దించారమ్మా గేట్లు! తెల్లవారి చూద్దుం కదా, ఏటికి వరద తగిలి నీరు కింద వీధి దాటేసింది. ఇంకా ఎండ పొడవలేదు. సరిగ్గా అప్పుడు, ఇదిగో ఆ చివర, నీళ్ళమీద తెల్లటి మబ్బొకటి లేచింది. లేచి కాసేపు నిలబడింది. నిలబడి మెల్లగా కొండవైపు వెళ్ళిపోయింది. పెద్దమేస్త్రి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. 'ఊరి ప్రాణంరా అది, పోతోంది' అన్నాడు."

ఇంజనీరమ్మ చేతులు రుద్దుకుంది. "ఒళ్ళు జలదరించిందండీ."

"అందరికీ అంతే."

"నాకూ అంతే, బావా" అని వెనకనుంచి వినిపించింది.

గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని మరదలు నిలబడి ఉంది. భార్యకి చెల్లెలు. కాలనీలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. భుజాల కొలత తీస్తూనే మనిషి గుణం కూడా కొలిచేస్తుందని ప్రతీతి. నోటి పదునుని బట్టి కాలనీలో పిల్లాపెద్దా ఆవిణ్ణి సూదక్క అంటారు. ఎప్పుడూ నవ్వుతూ గుచ్చే మనిషి, ఈ పూట నవ్వడం లేదు.

"ఇంజనీరమ్మ గారూ, మా బావని కాసేపు వదిలిపెట్టండి. ఇంటికి చుట్టం వచ్చింది, టీ ఇచ్చుకోవాలి."

గేట్ల సిబ్బంది ఇళ్ళు కట్ట దిగాక మొదటి మలుపులో ఉంటాయి. దారిలో ఆవిడ మామూలుగానే మొదలుపెట్టింది.

"అన్నం తింటున్నావా, టీల మీదే బతుకుతున్నావా? చొక్కా చూస్తే హేంగరుకి తగిలించినట్టుంది."

"నువ్వు కుట్టిందే కదే."

"కుట్టింది నేనే. అందులోని మనిషిని ఎవరు ఊడదీశారు?"

మేస్త్రి నవ్వీ నవ్వనట్టు నవ్వాడు. "మీ అన్నయ్య ఎలా ఉన్నాడు?"

"నీళ్ళు లేని పడవవాడు ఎలా ఉంటాడు? పెళ్ళికొడుకు లేని ఊరేగింపులా ఉన్నాడు. కొద్దిరోజులుగా పొద్దున్న పోయి పొద్దుగూకాక వస్తున్నాడట. ఎక్కడికంటే చెప్పడట. వదిన నా దగ్గరికొచ్చి ఒకటే ఏడుపు. నువ్వేమైనా చూశావా?"

"చూస్తే మాత్రం నాతో మాట్లాడతాడా?"

ఆ మాటా నిజమే. సున్నపాయనకి పెద్దబిడ్డ ఆ అన్న. మేస్త్రి భార్య నడిమిది. సూదక్క కడగొట్టుది. అన్న జలాశయం మీద ఈ గట్టునుంచి ఆ గట్టుకి జనాన్ని దాటించే పడవ నడిపేవాడు. రోజూ కట్ట పక్కనించే వెళ్ళేవాడు, తల పైకెత్తేవాడు కాడు. పెళ్ళి రోజునుంచీ మేస్త్రితో మాట లేదు. ఊరు ముంచినవాడికి చెల్లెల్ని ఇచ్చుకున్న బాధ అని మేస్త్రి సర్దుకుపోయాడు. సర్దుకుపోవడంలో అతన్ని మించినవాడు లేడు.

ఇల్లు రెండు గదులూ ఒక వంటగదీ. ముందుగదిలో బట్టల బీరువా కిటికీకి అడ్డంగా ఉంది. వంటగదిలో అన్నీ భార్య పెట్టిన చోటే ఉన్నాయి. మేస్త్రి స్టవ్ వెలిగించి గిన్నె పెట్టాడు. టీపొడి డబ్బా కోసం చెయ్యి చూడకుండానే రెండో అరలోకి వెళ్ళింది. సూదక్క ఎత్తుపీట లాక్కుని గోడకి చేరబడి కూర్చుంది.

"ఆ కథ మానెయ్యి, బావా."

"ఏ కథ?"

"మబ్బు కథ."

"ఎందుకే? అందరికీ నచ్చుతుంది."

"అక్క పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళకి కూడా చెప్పావు. ఆ వేళ నేను ఈ గుమ్మంలోనే ఉన్నాను. పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. ఒక మాట అడుగుతాను, ఆలోచించి చెప్పు. నువ్వు ఆ కథ ఎత్తుకుంటే అక్క ఏం చేసేది?"

మేస్త్రి ఆలోచించాడు. "లేచిపోయేది. పొయ్యి మీద ఏదో ఉందనో, మంచినీళ్ళు తెస్తాననో. విన్నదే వినడం ఎవరికి బాగుంటుంది?"

"మొదటిసారి చెప్పినప్పుడో?"

స్టవ్ మీద నీళ్ళు సలసలమంటున్నాయి. మొదటిసారి పెళ్ళయిన కొత్తలో, భోజనాల దగ్గర. ఎంగిలిచెయ్యి కడుక్కోకుండానే ఆవిడ పెరటివైపు నడిచింది. చాలాసేపటికి గాని రాలేదు. కొత్త పెళ్ళికూతురు, సిగ్గు అనుకున్నాడు.

"అప్పుడూ లేచింది" అన్నాడు.

"నాన్న సున్నం కాల్చేవాడని నీకు తెలుసు. సున్నం సంగతి ఏమైనా తెలుసా?"

"గోడకి వేస్తారు, రాళ్ళ మధ్య పెడతారు. నాది గేట్ల పని, సున్నం పని కాదు కదే."

"అయితే విను. రాయిని బట్టీలో కాలుస్తారు. అది ఆరాక, కాలిన రాయిని ఒక్కటి మిగల్చకుండా బయటికి లాగాలి. లాగి దూరంగా గుంటలో వేసి, కాస్త కాస్త నీళ్ళు చల్లి తడపాలి. ఎందుకంటే కాలిన రాయి మీద ఒక్కసారిగా నీళ్ళు పడితే అది ఊరుకోదు. బుసకొట్టి, ఉడికి, పగిలి లేస్తుంది. కొండంత తెల్లటి ఆవిరి వస్తుంది." ఆవిడ ఆగింది. "నువ్వు చూసింది మబ్బు కాదు, బావా. మా బట్టీ."

మేస్త్రి స్టవ్ ఆర్పాడు. టీపొడి డబ్బా చేతిలోనే ఉండిపోయింది.

"మీ నాన్న ముందురోజే కొండ దాటి..."

"అలాగని అక్క చెప్పింది. నాకూ ఊరికీ నీకూ అదే చెప్పింది. జరిగింది వేరు. ఆఖరి బట్టీ ఇంకా ఆరలేదు. ఆరని బట్టీని వదిలి నాన్న ఎక్కడికీ కదిలేవాడు కాడు. పసిపిల్లని ఒంటరిగా వదిలినట్టని అనేవాడు. గేట్లు దించేది మర్నాడు సాయంత్రం అన్నారు కదా. అందుకని నాన్నా అక్కా కలిసి తలుపు ఊడదీశారు. 'నువ్వు తలుపుతో పాటు బండిలో నడువు తల్లీ, నేను రాయి లాగేసి రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తాను' అన్నాడట. అక్క తలుపు తెచ్చి కాలనీలో గోడకి ఆనించి పెట్టి కూర్చుంది. ఆ సాయంత్రమే నువ్వు దుర్భిణి పట్టుకున్నావు. నీకు తలుపు లేని ఇల్లు కనబడింది. ఇంటి వెనక మనిషి కనబడలేదు."

బయట ఎవరిదో సైకిలు గంట వినిపించి దూరమైంది.

"నాన్న రాలేదు. మొదట్లో అక్క ఆశతోనే ఉంది. నీళ్ళు చూసి కొండవైపు పరిగెత్తి ఉంటాడు, కోపం చల్లారాక వస్తాడు అనుకుంది. అడిగినవాళ్ళకి కొండ దాటాడని చెప్పింది. చెప్పి చెప్పి తనే నమ్మింది. నీతో పెళ్ళికి ఒప్పుకునేటప్పుడు కూడా వస్తాడనే అనుకుంటోంది. ఆ తరువాత నువ్వు భోజనాల దగ్గర మబ్బు కథ చెప్పావు. తెల్లారేసరికి బట్టీలో రాయి ఉందంటే నాన్న ఇంకా రాయి లాగలేదన్నమాట. రాయి లాగలేదంటే అక్కడే ఉన్నాడన్నమాట. ఇంకేం ఆశ పెట్టుకుంటుంది?"

"నాకెందుకు చెప్పలేదు?" ఆ మాట మేస్త్రి నోట్లోంచి చాలా నెమ్మదిగా వచ్చింది.

"నేనూ అదే అడిగాను. 'చెప్పాక ఆయన మళ్ళీ ఆ గేటు మీద చెయ్యి వేయగలడా? ఆయనకి వచ్చిందల్లా ఆ పని ఒక్కటే. తెలిసి చేసింది కాదు, తెలియజేసి నేనేం బాగుపడతాను?' అంది. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు వేయించుకున్న మనిషే పోయింది. ఇక నాకు ఒట్టూ లేదు, గట్టూ లేదు."

మేస్త్రి ముందుగదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. బీరువా కిటికీకి అడ్డంగా ఉంది. ఈ ఇంట్లోకి వచ్చిన వారంలోనే ఆవిడ దాన్ని అక్కడికి జరిపించింది. గాలి రాదంటే వినలేదు. వెలుతురు కళ్ళల్లో పడుతుంది అనేది. ఏటా సున్నం వేసేటప్పుడు బీరువా తీయడం, మళ్ళీ ఆవిడ దగ్గరుండి అక్కడే పెట్టించడం. ఆ కిటికీ తెరిస్తే ఎదురుగా ఆనకట్ట కనబడుతుందని అతనికి తెలుసు. ఎప్పుడూ ఆ రెండిటినీ కలిపి ఆలోచించలేదు.

వీపు ఇటే ఉంచి అడిగాడు. "అయితే మీ నాన్న నా చేతుల్లో పోయాడంటావు."

సూదక్క లేచి అతని వెనక్కి వచ్చింది. గొంతులో పదును లేదు. "నిన్ను అనడానికి రాలేదు, బావా. తూముకి పని అయ్యేదాకా నీళ్ళు లేవని తెలిస్తే పట్నం పట్నమంతా తమాషా చూడడానికి వస్తుంది. నాన్న అక్కడే ఉంటే, ఎవరి కాలికో తగిలేలోపు మనం వెళ్ళాలి. ఒక్కదాన్నే వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు."

మేస్త్రి మూలనున్న పార తీసుకున్నాడు. మళ్ళీ ఏమనుకున్నాడో అక్కడే పెట్టేశాడు. "పద" అన్నాడు.

కట్ట పక్కన మెట్లు దిగితే ఇదివరకు పడవల రేవు. ఇప్పుడు అక్కడ పడవలు బురదలో పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాయి. ఎండకి బురద పైపొర పెచ్చులుగా విచ్చింది. అడుగు వేస్తే పెంకు విరిగినట్టు చప్పుడు, ఆ కింద మెత్తదనం. దారి పొడుగునా నత్తగుల్లలు. ఎవరో పారేసుకున్న ప్లాస్టిక్ చెప్పు ఒకటి, ఈ ఊరిది కాదు, ఈ కాలానిది. దాన్ని చూసి సూదక్క, "పడవెక్కి చెప్పులు పోగొట్టుకునే అలవాటు జనానికి ఎప్పటికీ పోదు" అంది. నవ్వించడానికి కాదు, నడవడానికి.

పై వీధి మొదలయ్యాక ఆవిడ గొడుగు కొసతో ఒక్కొక్క గుమ్మాన్నీ చూపిస్తూ వచ్చింది. ఇది మంత్రసాని ఇల్లు, కాలనీలో సగంమందిని భూమ్మీద పడేసింది. ఇది కమ్మరి ఇల్లు. ఇది బడిపంతులుది, ఆయన భార్య గయ్యాళి, బడిలో పిల్లల్ని కొట్టేవాడు కాడు, ఇంట్లో తనే దెబ్బలు తినేవాడు. మేస్త్రి ఏ గుమ్మంలోకీ తొంగిచూడలేదు. కట్టమీంచి దుర్భిణిలో చూసినప్పుడు ఈ ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉండేవి. దగ్గరికొస్తే ప్రతి గోడకీ వెనక ఒక పెరడు ఉంది. ప్రతి పెరట్లోనూ ఒక మనిషి వంగుని పనిచేసుకునేంత చోటు ఉంది. ఎంత కుర్రకళ్ళయినా గోడ అవతలికి చూడలేవు.

చివరి ఇల్లు. సూదక్క గుమ్మంలో ఒక క్షణం నిలబడి చేత్తో పక్కగోడని తడిమింది. తాళం చెవి పెట్టుకునే గూడు అక్కడే ఉంది. తరువాత మాట్లాడకుండా పెరటివైపు నడిచింది.

బట్టీ నడుంవరకూ కూలిపోయిన గుండ్రటి గోడ. దాని మొహం పగిలి ముందుకి విచ్చుకుని ఉంది. లోపలా బయటా తెల్లటి గడ్డలు బురదలోంచి పళ్ళలా బయటపడి ఉన్నాయి. దాని ఎదురుగా రాతిదిమ్మ మీద సూదక్క వాళ్ళ అన్న కూర్చుని ఉన్నాడు. పడవ నడిపే మనిషి, చేతుల్లో తెడ్డు లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకున్నాడు.

అతను ముందు చెల్లెల్ని చూశాడు. తరువాత మేస్త్రిని చూశాడు. పెళ్ళి తరువాత మేస్త్రి మొహంలోకి అతను చూడడం అదే మొదటిసారి.

"ఇందులో ఎవరూ లేరు" అన్నాడు.

సూదక్క గొడుగు జారిపోయింది. "నీకెలా తెలుసు మేం వెతకడానికి వచ్చామని? అక్క నీకూ చెప్పిందా అన్నయ్యా?"

"మీ అక్క నాకేం చెప్పలేదు, మీ మొహాలే చెప్పాయి. వెతకడానికి నేను రాలేదు." అతను బట్టీవైపు చూశాడు. "నాన్న కళ్ళు పోయిన చోటు చూద్దామని వచ్చాను. ఇన్నాళ్ళూ దీని మీదనించే పడవ నడిపాను గాని, చూడలేదు కదా."

అన్న చేత్తో బట్టీ పగిలిన మొహాన్ని చూపించాడు.

"రాయి సగం లాగాడు. నీరొచ్చేసింది. మిగతాది మొహం మీదికి పేలింది. తెల్లవారాక నేను వెతుక్కుంటూ అవతలి కొండవాలుకి వచ్చేసరికి, చేతులు ముందుకి చాచుకుని పైకి పాకుతున్నాడు. భుజాన వేసుకుని కొండ అవతల రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలకి తీసుకెళ్ళాను. బతికాడు. చాలా ఏళ్ళు బతికాడు, బావా."

మేస్త్రి అక్కడే ఉన్న రాళ్ళమీద కూర్చున్నాడు. కూర్చున్నానన్న సంగతి కూర్చున్నాక తెలిసింది. గుండెలమీంచి ఎవరో బండ ఎత్తినట్టు ఊపిరి వచ్చింది. చంపలేదు. ఆ ముసలాయన్ని నేను చంపలేదు. ఈ మాట వెంటనే ఇంటికి పరిగెత్తి చెప్పాలనిపించింది. చెప్పవలసిన మనిషి ఇంట్లో లేదు. ఆ తెలివి వచ్చేసరికి ఎత్తిన బండ ఎత్తినట్టే మళ్ళీ దిగింది.

సూదక్క మాత్రం అన్న ఎదురుగా వెళ్ళి నిలబడింది. చెంపమీద కొడుతుందేమో అనుకున్నాడు మేస్త్రి. ఆవిడ చేతులు రెండూ కొంగులో బిగించి పట్టుకుంది.

"నీ నోట్లో నాలుక లేదా అన్నయ్యా? అక్క ఎన్నేళ్ళు ఏడ్చిందో తెలుసా? పైకి ఏడిస్తే ఈయనకి తెలుస్తుందని లోపల్లోపల ఏడ్చింది. నాన్న బతికున్నాడని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట..."

"చెబుదామనే తీసుకొచ్చాను."

"ఎక్కడికి?"

"పెళ్ళికి."

ఆ జవాబు అతను మేస్త్రిని చూస్తూ చెప్పాడు. "దెబ్బలు మానాక, ఈ మొహంతో పిల్లలకి కనబడను అన్నాడు నాన్న. బతిమాలి ఒప్పించాను. పెళ్ళిరోజున చెల్లికి చెబుదాం, దానికి అంతకు మించిన కానుక ఏముంటుంది అన్నాను. మొహానికి గుడ్డ చుట్టి తీసుకొచ్చాను. పెళ్ళింటి గేటు దగ్గర నిలబెట్టి, చెల్లిని పిలుచుకురావడానికి లోపలికి వెళ్ళాను. జనంలోంచి దారి చేసుకుని తిరిగి బయటికి వచ్చేసరికి ఆయన నిలబెట్టిన చోట లేడు. నువ్వు చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి నీడలో బెంచీ మీద కూర్చోబెట్టావు. ఎవరి తరఫు చుట్టమో అనుకున్నావు. గుర్తుందా?"

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. పెళ్ళినాటి ఎండ. తన గేట్ల జట్టు అప్పుడే వచ్చి గోలగోలగా నవ్వుతోంది. గేటు కమ్మీ పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డ ఒక ముసలాయన. అతని అరచెయ్యి గరుకుగా, పగుళ్ళు తేలి ఉంది. బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చాడు. నువ్వేనా బాబూ పెళ్ళికొడుకువి అని ముసలాయన అడిగాడు. అవునండీ అన్నాడు.

"గుర్తుంది" అన్నాడు.

"నాన్నే చెప్పాడు, నిన్ను ఇంకో మాట కూడా అడిగాడట. నువ్వు జవాబు చెప్పావు. నేను చెల్లిని వెంటబెట్టుకుని వచ్చేలోపే ఆయన లేచి నిలబడ్డాడు. దాన్ని గడప దాటనివ్వొద్దు, లోపలికి పంపెయ్యి, నన్ను తీసుకెళ్ళిపో అన్నాడు. నేను బతికున్న సంగతి ఆడపిల్లలకి ఎప్పటికీ తెలియకూడదని బండిలో నా చేత మాట తీసుకున్నాడు. నీ జవాబు విన్నాకే, బావా. అంతకుముందు కాదు."

"ఏమడిగాడు?"

"నీకు గుర్తులేదా?"

మేస్త్రికి బెంచీ గుర్తుంది. గ్లాసు గుర్తుంది. ముసలాయన నీళ్ళు తాగి, మిగిలినవి పారబోయకుండా గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టడం కూడా గుర్తుంది. ఆ రోజు తను చాలా సంతోషంగా ఉన్నాడు. అడిగినవాళ్ళకి అడగనివాళ్ళకి చాలా మాటలు చెప్పాడు. వాటిలో ఈ ఒక్క మాట ఏదో మాత్రం ఎంత తవ్వినా దొరకడం లేదు.

"లేదు" అన్నాడు. "ఏమడిగాడు బావా? నేనేమన్నాను?"

అన్న చెల్లెల్ని చూశాడు, మేస్త్రిని చూశాడు. తరువాత రాతిదిమ్మ మీద ఒక పక్కకి జరిగి, ఇంకో మనిషికి చోటు చేశాడు.